గట్టు మీద గొడుగు

మా ఊరి వ్యవసాయ ఆఫీసు గోడ మీద, ఈ ఊళ్ళో మొట్టమొదట వెదజల్లి వరి పండించిన రైతు అంటూ మా నాన్న పేరు రాశారు. అది తప్పు. అక్కడ ఉండవలసింది మా వదిన పేరు.

కన్నతండ్రి పేరు గోడకెక్కితే సంతోషించక ఈ ముసలాడికి ఇదేం బుద్ధి అని మీలో కొందరనుకోవచ్చు. మా మేనల్లుడు అననే అన్నాడు. అనుకోనివ్వండి. మా నాన్నంటే నాకు గౌరవం లేక కాదు. ఆయన గట్టు మీద నడిచొస్తుంటే ఎదురుగా వచ్చేవాళ్ళు పొలంలోకి దిగి దారిచ్చేవాళ్ళు, అంతటి మనిషి. ఆయన పేరు రాయదగ్గ గోడలు ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి. ఈ ఒక్క గోడ మాత్రం ఆయనది కాదు. ఆ పని చేస్తానంటే వద్దన్న మనిషి ఆయన.

మొన్న వేసవిలో కంటి ఆపరేషనుకని విజయవాడలో మా అమ్మాయి దగ్గర నెల్లాళ్ళున్నాను. సరిగ్గా ఆ నెల్లోనే ఆఫీసుకు రంగులు వేయించారట. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ, చిన్నపిల్లే పాపం, ఊరి సేద్యం కథంతా గోడ మీద రాయిద్దామని ముచ్చటపడి పెద్దవాళ్ళను పిలిచి అడిగిందట. ఎవరండీ ఆ పెద్దవాళ్ళు? నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాళ్ళు. వాళ్ళకు విన్నదే తప్ప చూసింది లేదు. విన్నదే చెప్పారు. నేను ఊరొచ్చి, నల్లకళ్ళద్దాలు తీసేసిన రోజున, కొత్త కళ్ళతో చదివిన మొదటి అక్షరాలు అవి. అంత స్పష్టంగా కనిపించేట్టు చేసినందుకు ఆపరేషను చేసిన డాక్టరు గారి మీద కూడా కోపం వచ్చింది నాకు.

అందుకని చెప్పాలి. మా తరం వాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు కాబట్టి, ఆకుమడి అంటే ఏమిటో, కాలువ శివారు అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేని వాళ్ళున్నారు కాబట్టి, ఉండగానే చెప్పాలి.

నేను చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత చదివిందంతా పొట్లాల కాగితాలు, క్యాలెండర్ల వెనక వైపు, మందు డబ్బాల మీద అచ్చు, సినిమా వాల్‌పోస్టర్లు, ఊళ్ళో లైబ్రరీ పెట్టాక అందులో ఉన్న రెండు బీరువాలూ. అక్షరం కనిపిస్తే వదిలేవాణ్ణి కాదు. పామర్రు బజార్లో పకోడీలు కట్టించుకుంటే, పకోడీలు చల్లారిపోయినా సరే ముందు కాగితం చదవాల్సిందే. అలా చదివిన ఒక కాగితంలోనే ఉంది ఈ సంగతి. ఏదో వ్యవసాయ కరపత్రంలో పుట. నూనె మరకల మధ్య నుంచి చూస్తే, ఆకుమడిలో నారు పోయకుండా, ఆ ఆకు పీకి ఊడ్చే పని, అదే నాట్లేసే పని, లేకుండా, మొలకెత్తించిన వడ్లను నేరుగా దమ్ము చేసిన బురదలో చల్లేసి పంట తీయొచ్చని ఉంది. ఎలాగో వరసగా చెప్పుకొచ్చి, ఆఖరున ‘కలుపు విషయంలో మాత్రం రైతులు’ అని ఉండి, అక్కడికి కాగితం చినిగిపోయింది. రైతులు ఏం చేయాలో పకోడీల కొట్టువాడికే తెలియాలి.

నాకప్పుడు పాతికేళ్ళు. మా ఊరు పామర్రుకు అవతల, కాలువ చిట్టచివర. పైనున్న ఊళ్ళన్నీ తడుపుకున్నాక మిగిలిందే మాకు. ఆ ఏడు అసలు కాలువకు నీళ్ళు వదలడమే ఆలస్యమైంది. ఇక అప్పుడు ఆకుమడి పోసి, నెల్లాళ్ళు పెంచి, కూలీలు దొరికి ఊడ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేట్టుంది. ఊరంతా గట్ల మీద నిలబడి పైకి చూడటం, కాలువ వంక చూడటం. నేను మాత్రం ఆ నూనె కాగితాన్ని ఎండలో ఆరబెట్టి, మడిచి జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను, ఎవరికి చెబితే ఏమంటారోనని. చివరికి అన్నాల దగ్గర ధైర్యం చేసి నాన్నకు చెప్పాను.

ఆయన ముద్ద దించకుండానే అన్నాడు: “ఊడ్చకుండా వరేమిట్రా? మెట్టవాళ్ళు జొన్నలు చల్లినట్టు చల్లుతావా? నా పొలంలో ఈ ఆటలు సాగవు. అంత సరదాగా ఉంటే మీ వదిన పొలం ఉందిగా, పోయి దాన్నడుక్కో.”

ఎగతాళికన్న మాట అది. పంక్తిలో ఉన్నవాళ్ళు నవ్వారు కూడా. ఎందుకు నవ్వారో చెప్పాలంటే వదిన సంగతి చెప్పాలి.

మా అన్నయ్య పెళ్ళయిన నాలుగేళ్ళకే కామెర్లతో పోయాడు. అప్పటికి మూడేళ్ళయింది. వదినకు ఒక్కతే ఆడపిల్ల. వదిన వాళ్ళ నాన్న పెళ్ళిలో పసుపు కుంకుమల కింద రెండెకరాలు రాసిచ్చాడు, పని గట్టుకుని మా పొలాల పక్కనే కొని. కాగితం ఆవిడ పేరునే ఉండేది గానీ సేద్యం మా నాన్నది. ఏ విత్తనం వేయాలో, ఎప్పుడు కోయాలో, మినుము చల్లాలో వద్దో అంతా ఆయనే. పంటయ్యాక ఆవిడ గింజలు ఆవిడ గాదెలో పోయించేవాడు, గింజ తేడా ఉండేది కాదు. న్యాయమైన మనిషే. ఆ గాదె ఉండబట్టే వదిన, తనూ పిల్లా తినేది తమ తిండేనని, తలెత్తుకుని మా ఇంట్లో తిరిగేది. పొలం ముఖం మాత్రం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అటువంటి మనిషిని పోయి పొలం అడగమనడం అంటే గోడనడగమన్నట్టే అని అందరి నవ్వూ.

నేను మర్నాడు పోయి అడిగాను.

పెరట్లో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు కాగితం మొత్తం చదివి వినిపించాను. పంట పోతే నీ గాదె ఖాళీ అవుతుంది, ఆ సంగతి ముందే చెబుతున్నానన్నాను. వదిన చాలాసేపు పప్పు ఏరుతూనే ఉంది. తర్వాత ఒక్కటే అడిగింది, చినిగిపోయిన చోట ఏముంటుందని. తెలియదు వదినా అన్నాను.

“సర్లే చిన్నబ్బాయ్. చేసేటప్పుడు అదే తెలుస్తుంది. చల్లు.”

ఆ ‘చల్లు’ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అంతకుముందు గానీ తర్వాత గానీ నన్ను నమ్మి ఎవరూ అంత చిన్న మాటలో అంత పెద్ద వస్తువు నా చేతిలో పెట్టలేదు. నాన్న విన్నాడు. పంట పోయిందో ఇక పొలం గట్టెక్కనివ్వను, ఉయ్యూరు పోయి చెరకు ఫ్యాక్టరీ కాటా దగ్గర కూర్చో, అన్నాడు. సరేనన్నాను. అనక ఏం చేయను?

బస్తాడు వడ్లు ఒక రోజు బోదె కాలువలో నానేసి, గడ్డి కప్పి మండె కట్టాను. రెండో రోజుకు ముక్కులు పగిలి తెల్లగా మొలక కనబడ్డాయి. పొలం దమ్ము చేయించి, బల్ల తోలి చదును చేయించి, నీళ్ళన్నీ తీసేసి, ఉత్త బురద మీద చల్లాను. ఈ పద్ధతిలో కీలకమంతా అక్కడే ఉంది: చల్లిన నాలుగైదు రోజులు పొలంలో నీళ్ళు నిలవకూడదు. మనవాళ్ళకు అది ఎంత కష్టమో నేను ఊహించలేకపోయాను. కాలువ కింద పుట్టి పెరిగిన మనిషి వరి పొలంలో నీళ్ళు లేకపోతే చూడలేడు. ఒంటి మీద గుడ్డ లేనట్టు కనిపిస్తుంది వాడికి.

మూడో రోజు తెల్లారగట్ల మా బాబాయి పార భుజాన వేసుకుని పొలాల మీదికి వెళ్ళి, వదిన పొలం చెక్క బురద తేలి ఆరిపోతూ ఉండటం చూశాడు. అయ్యో, మా కోడలు పిల్ల పొలం ఎండిపోతోందే, ఈ వెర్రివాడు తడి కట్టడం మర్చిపోయాడే అనుకున్నాడు. ఆ రోజు నీళ్ళ వంతు తనది. శివారు ఊళ్ళో, నీళ్ళు లేని ఏట, నీళ్ళ వంతంటే ఏమిటో మీకు తెలుసు. ఆ మహానుభావుడు తన మడికి మడవ కట్టేసి, ఆ వంతంతా వదిన పొలానికి తిప్పి, గట్టు నిండా నీళ్ళు పెట్టి, ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా చద్దన్నం తిన్నాడు. చేసిన మేలు చెప్పుకునే అలవాటు లేదాయనకు.

మధ్యాహ్నానికి మొలకలన్నీ తేలి ఈశాన్యం మూలకు చేరి, ఎండకు ఉడికిపోయాయి. ఆ మూల నిలబడి చేత్తో తీసి చూస్తే పులిసిన వాసన. బాబాయి నా పక్కనే నిలబడి, నిజం తెలిశాక, తలకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆయన్ను ఏమనగలను? నేనింక ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి, ఉయ్యూరు పోతానని చెప్పేశాను.

వదిన లోపలి నుంచి ఒక తడిగుడ్డ మూట తెచ్చి నా ముందు విప్పింది. గుప్పెడు వడ్లు, తెల్లటి మొలకలతో. నేను మండె కట్టిన రోజునే, ఎలా మొలుస్తాయో చూద్దామని, తిండికి ఉంచిన వడ్లలోంచి గుప్పెడు తీసి తనూ కట్టుకుందట, వంటింటి కిటికీలో, ఎవరికీ తెలియకుండా. ఇవి మొలిచాయి కాబట్టి గాదెలోవి కూడా మొలుస్తాయి, ఇంకో బస్తా తీయి అంది. అది పిల్ల నోటికాడి కూడు వదినా అన్నాను. మరి బాగా చల్లు అంది.

రెండోసారి చల్లిన రోజు పొద్దున్న మా ఇంట్లో వింత జరిగింది. వదిన, పోయిన మా అన్నయ్య గొడుగు, కొక్కేనికి మూడేళ్ళుగా వేలాడుతున్న నల్ల గొడుగు, దుమ్ము దులిపి చేత పట్టుకుని పొలానికి బయల్దేరింది. అమ్మ అడ్డం వెళ్ళి, ఇంటి కోడలు గట్ల మీద కూర్చోవడమేమిటి, ఊరు నవ్వదా అంది. వదిన, నవ్వితే నవ్వనివ్వండత్తయ్యా, నీళ్ళు పెట్టకుండా ఉంటే చాలు, అని చెప్పులు లేకుండా దిగి వెళ్ళిపోయింది.

ఎనిమిది రోజులు. తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా ఆ గట్టు మీద నల్ల గొడుగు. గొడుగు కింద వదిన, ఒళ్ళో పిల్ల, పక్కన పిట్టల్ని తోలడానికి ఒక పగిలిన పళ్ళెం. ఊరు నిజంగానే నవ్వింది. గొడుగు చూసి రోడ్డు మీద బండ్లు ఆగేవి. మొదటి రోజు బాబాయే వచ్చి, తప్పు చేసిన మనిషి కదా, మాట కలపడానికి అడిగాడు.

“ఏం అమ్మాయ్, కొంగల్ని కాస్తున్నావా?”

“కొంగలు పళ్ళెం మోగిస్తే పోతాయి చినమావయ్యా. మీరు పోరు.”

బాబాయి పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో ఊరి నవ్వు సగం చచ్చిపోయింది. మూడో రోజు నుంచి అమ్మ క్యారియర్ పంపింది, పెరుగన్నం మీద మాగాయ టెంకతో సహా. ఐదో రోజు ఊడ్పు ఆడవాళ్ళు పక్క పొలానికొచ్చి, ఏమ్మా, మీ మరిది మా చేతులకు పనిలేకుండా చేస్తున్నాడే అని దెప్పారు. ఆరో రోజుకు బురద మీద పచ్చటి నీడ లాంటిది పరుచుకుంది. దూరం నుంచి చూస్తేనే కనబడేది, దగ్గరికెళితే మాయమయ్యేది. వదిన గొడుగు దించి, వంగి, పక్క నుంచి తల వాల్చి చూసింది. నేనూ అలాగే చూశాను.  నా జన్మలో ఒక్క పూట వెనక్కి ఇస్తామంటే ఆ పూటే అడుగుతాను.

తర్వాత నెలకు ఊద కలుపు లేచింది. వరికీ ఊదకూ నాకే తేడా తెలియనంతగా లేచింది. చినిగిపోయిన చోట ఏముందో అప్పుడు తెలిసింది. దెప్పిన ఆడవాళ్ళనే వదిన స్వయంగా పిలుచుకొచ్చింది, మీ చేతులకు పనుందమ్మా రండి అని. వాళ్ళకు తెలుసు ఏది గడ్డో ఏది గింజో, కళ్ళు మూసుకుని పట్టుకుని చెప్పేవాళ్ళు.

పంట విరగపండిందని అబద్ధం చెప్పను. ఎకరానికి రెండు బస్తాలు తక్కువే వచ్చాయి. కానీ ఊళ్ళో అందరికంటే పది రోజులు ముందు కోశాం. వదిన గాదె నిండింది. నేను ఉయ్యూరు పోలేదు. నాన్న కళ్ళంలో కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, గుప్పెడు వడ్లు నలిపి ఊది చూసి వెళ్ళిపోయాడు. మరుసటేడు సొసైటీ అరుగు మీద ఎవరో అడిగితే మాత్రం, “పోయినేడు మేం వెద పెట్టాం, బానే వచ్చింది” అన్నాడు. ఆ ‘మేం’ అన్న మాటే ఇన్నేళ్ళు ఆ నోటా ఈ నోటా నాని, ఇవాళ గోడెక్కింది.

ఆ ఏటి నుంచి ఆ రెండెకరాలూ నేనే చేస్తున్నాను. ఏం తక్కువ చేయలేదు. చెరకు వేశాను, పసుపు వేసి చూశాను, కొత్త విత్తనం ఏదొచ్చినా ముందు ఆ చెక్కలోనే. పండినా ఎండినా వదిన వాటా వదినకు చేర్చాను, మా నాన్న లాగే, గింజ తేడా లేకుండా. వదిన తర్వాత పిల్ల చదువుకని విజయవాడ వెళ్ళింది, ఆ పిల్ల ఉద్యోగంతో అక్కడే స్థిరపడింది. ఇప్పుడు పటమటలో మూడో అంతస్తులో కూతురి దగ్గరే ఉంటోంది.

గోడ చదివిన రాత్రే ఆఫీసుకు ఉత్తరం రాశాను. ‘అయ్యా, మీ గోడ అబద్ధమాడుతోంది’ అని మొదలుపెట్టాను. జవాబు లేదు. రెండోదానికి, పరిశీలిస్తామని ఒక ముక్క. మూడో ఉత్తరం ఎనిమిది పుటలు రాశాను, గొడుగుతో సహా. అప్పుడు ఆఫీసరమ్మ ఫోను చేసింది. పిల్ల మంచిదేనండి. “చదువుతుంటే ఏడుపొచ్చింది తాతగారూ. పేరు మార్చడానికి మాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆవిడ ఉన్నారు కదండీ, ఒకసారి అడిగి, ఇష్టమేనని సంతకం పెట్టించుకు రండి” అంది. అడగడానికేముందమ్మా, ఆవిడ కాదంటుందా, అన్నాను.

పామర్రులో బస్సెక్కాను. ఇప్పుడు ఆ దారంతా పొలాల్లో మనుషులు కనబడటం లేదు. మిషన్లు చల్లుతున్నాయి, మిషన్లు కోస్తున్నాయి, ఈమధ్య పైనుంచి ఎగురుకుంటూ మందు కొట్టే యంత్రం కూడా వచ్చింది. వెదజల్లడం ఇప్పుడొక వింత కాదు, సగం ఊరు అదే. మంచిదే. కానీ పక్కవాడి పొలం ఆరిపోతోందని తన వంతు నీళ్ళు తిప్పే వెర్రి బాబాయి ఏడీ? ఆయన చెడగొట్టిన పంట మీద కోపం ఎప్పుడో పోయింది. ఆయన మీద బెంగ మాత్రం ఏటేటా పెరుగుతోంది. గొడుగు అటక మీద చాన్నాళ్ళుంది, ఇల్లు విప్పినప్పుడు ఏమైందో తెలియదు. కిటికీలోంచి ఉయ్యూరు చెరకు తోటలు వెనక్కి పోతుంటే, నాకెందుకో ప్రతి గట్టు మీదా ఒక నల్ల మచ్చ కోసం కళ్ళు వెతుక్కున్నాయి.

వదినకు ఎనభై దాటాయి. చెవి బానే ఉంది, మోకాళ్ళే మొరాయిస్తున్నాయి. వంటింటి కిటికీలో తడిగుడ్డలో పెసలు మొలక కట్టి ఉన్నాయి.  ఉత్తరాలన్నీ చదివి వినిపించాను, ఆ రోజు పెరట్లో చదివినట్టే, ఈసారి కుర్చీలో కూర్చుని. సంతకం చేయాల్సిన కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివి, మడిచి, మంచం మీద పక్కన పెట్టింది. సంతకం చేయలేదు.

“పొలంలో ఇప్పుడేముంది?” అంది.

మినుము చల్లించాను వదినా అన్నాను. ఓహో అంది.

ఉండబట్టలేక అడిగాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లో అడిగిన మాటే, ఆవిడ ఎప్పుడూ నవ్వి దాటేసిన మాటే. ఇంట్లో అందరూ నవ్వుతుంటే, పిల్ల తిండి గింజలు పోతాయని తెలిసి, చినిగిన కాగితం పట్టుకొచ్చిన నాకు ఆ రోజు పొలం ఎందుకిచ్చావు వదినా అన్నాను. ఈసారి నవ్వలేదు. కిటికీ వంక చూస్తూ నింపాదిగా చెప్పింది:

“నువ్వొచ్చి అడిగావు, చిన్నబ్బాయ్. అది నాకిచ్చేటప్పుడు మా నాన్న నన్నడగలేదు. దున్నేటప్పుడు మీ నాన్న అడగలేదు. నువ్వొక్కడివే చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడి, ఇస్తావా వదినా అన్నావు. ఇవ్వకేం చేస్తాను? గాదెంతా ఇమ్మన్నా ఇచ్చేదాన్ని. మళ్ళీ ఏడు కూడా వస్తావని పెరట్లో కూర్చున్నాను. మళ్ళీ ఏటి నుంచి నువ్వూ అడగలేదు.”